పరుపు కింద నీళ్లెక్కడివి?

ఇన్వర్నెస్‌లో బయల్దేరి స్కాట్లాండ్ ఉత్తర తీరమంతా చుట్టి వచ్చే దారికి 2015లో నార్త్ కోస్ట్ 500 అని పేరు పెట్టారు. మొత్తం 516 మైళ్లు, అంటే 830 కిలోమీటర్లు. బ్రిటన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు సెలవు దొరికితే ఒక చిన్న క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకుని వెళ్లే దారుల్లో అదొకటి. అక్టోబరులో వెళ్లినవాళ్లకి రెండో రోజో మూడో రోజో ఒక అనుమానం మొదలవుతుంది. రాత్రి వాన పడలేదు. కప్పు కారలేదు. మంచినీళ్ల డబ్బా ఒలకలేదు. అయినా పొద్దున పరుపు ఎత్తి చూస్తే కింద చెక్క తడిగా ఉంటుంది. దుప్పట్లకు చెమ్మ వాసన. ఇంట్లో ఇద్దరూ ఇంజనీర్లే అయినా మొదటి నింద మాత్రం వ్యాన్ అద్దెకిచ్చినవాడి మీదికే పోతుంది: తలుపు రబ్బరు అరిగిపోయి ఉంటుంది, ఎక్కడో చిల్లు ఉంటుంది అని.

చిల్లు ఏమీ లేదు. ఆ నీళ్లు పడుకున్నవాళ్లవే.

చిన్న వ్యాన్‌లో పక్క సంగతి రాగానే అందరూ చోటు గురించే మాట్లాడతారు. నిజమే, చోటు తక్కువే. ఫోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియా లాంటి బండిలో కింది మంచం వెడల్పు 1.14 మీటర్లు, పొడవు రెండు మీటర్లు. అందులో ఇద్దరు పడుకోవాలి. పొద్దున్నే అదే మంచం సీటు కావాలి. 1951లో జర్మనీకి చెందిన వెస్ట్‌ఫాలియా కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ బండిలో అమర్చుకునే ‘క్యాంపింగ్ బాక్స్’ తయారుచేసిన నాటి నుంచీ పద్ధతి ఇదే: పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి ఒకటే సామాను. బ్రిటన్‌లో ఇలాంటి మడత సీటుకు ‘రాక్ అండ్ రోల్ బెడ్’ అని ముద్దుపేరు కూడా ఉంది. కానీ చోటు సమస్యను తెలివైన వడ్రంగి ఎవరైనా తీర్చగలడు. తీరనిది గాలి, నీరు అనే రెండింటి లెక్క. దుప్పటి రాత్రి వెచ్చగా ఉండాలంటే అందులో గాలి నిండాలి. పొద్దున మడిచి దాచే పెట్టెలో పట్టాలంటే ఆ గాలి బయటికి పోవాలి. పోయేది గాలి ఒక్కటే. రాత్రంతా దుప్పటి తాగిన నీరు మాత్రం దుప్పటితోనే పెట్టెలోకి వెళ్లిపోతుంది.

రెండు వందల లీటర్ల గాలి

బ్రిటన్‌లో ఇంటింటా కనిపించే మందపాటి రజాయిని అక్కడ డూవే అంటారు. ఇద్దరికి సరిపడేది రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, అయిదు సెంటీమీటర్ల మందం ఉందనుకుందాం. దాని పరిమాణం 200 లీటర్లు. లోపలున్న పాలిస్టర్ పోగు బరువు రెండు కిలోలనుకుంటే, దాన్ని కరిగించి ముద్ద చేస్తే లీటరున్నర కూడా కాదు. మిగిలిన 198 లీటర్లూ గాలే. డబ్బు పెట్టి కొన్నది పాలిస్టర్‌ని, వెచ్చదనం ఇచ్చేది ఉచితంగా దొరికే గాలి.

గాలి వేడిని చాలా నెమ్మదిగా దాటిస్తుంది. వ్యాన్ ఒంటికి వాడిన ఉక్కుతో పోలిస్తే దాదాపు రెండు వేల రెట్లు నెమ్మదిగా. అయితే గాలికి ఒక చెడ్డ అలవాటుంది, ఒకచోట నిలవదు. వెచ్చబడితే పైకి లేస్తుంది, చల్లబడితే కిందికి జారుతుంది, ఆ తిరుగుడులో వేడిని మోసుకుపోతుంది. పోగుల పనల్లా ఆ గాలిని చిన్న చిన్న సందుల్లో ఇరికించి కదలకుండా ఉంచడమే. మన ఊళ్లలో దూదేకులవాళ్లు పాత పరుపు విప్పి దూదిని మళ్లీ ఏకి నింపితే అదే బరువు దూది రెట్టింపు మందంగా పొంగేది. వాళ్లు కొత్తగా కలిపింది గాలి ఒక్కటే.

ఈ గాలి విలువ కొలవడానికి మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 1940లలో ‘టాగ్’ అనే కొలత పెట్టారు. బ్రిటన్‌లో ఏ డూవే కొన్నా చీటీ మీద ఈ అంకె ఉంటుంది: వేసవికి 4.5, గట్టి చలికి 13.5. వ్యాన్‌లో తిరిగేవాళ్లకి నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. 4.5 ఒకటి, 9 ఒకటి విడివిడిగా కొని, గుండీలతో కలుపుకునే జత. రెండూ కలిస్తే 13.5. జూన్‌లో ఒకదాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లవచ్చు. తడిసినా రెండు పలచటివి ఆరినంత త్వరగా ఒక మందపాటిది ఆరదు.

ఇంత లెక్క చేసి 13.5 టాగ్ డూవే కప్పుకున్నా కొందరికి వీపు చలి తగ్గదు. పైన ఇంకోటి కప్పుకుంటారు, అయినా తగ్గదు. కారణం తేలిక. మనిషి బరువు కింద దుప్పటి నలిగి గాలి మొత్తం బయటికి పోతుంది. పైన అయిదు సెంటీమీటర్లున్న రజాయి ఒంటి కింద నలిగితే కొన్ని మిల్లీమీటర్లే. కింద నుంచి వచ్చే చలిని ఆపాల్సింది బరువుకు లొంగని వస్తువు, అంటే ఫోమ్ పరుపు. అందుకే చలి వేస్తే పైన ఇంకో దుప్పటి కొనే ముందు కింద ఏముందో చూడాలి.

ఇక్కడ మెమరీ ఫోమ్ గురించి చిన్న హెచ్చరిక. నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం విమాన సీట్లలో వాడడానికి 1966లో చార్లెస్ యోస్ట్ రూపొందించిన ఈ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి, ఒంటి ఆకారానికి ఒదుగుతుంది. ఇంట్లో హాయిగానే ఉంటుంది. అయిదు డిగ్రీల వ్యాన్‌లో రాత్రి పదింటికి దాని మీద వాలితే మాత్రం చెక్కబల్ల మీద పడుకున్నట్టే ఉంటుంది. చల్లబడితే గట్టిపడడం ఆ పదార్థం స్వభావం, లోపం కాదు. ఒక పావుగంట ముందు వేడినీళ్ల రబ్బరు సంచి పెడితే దారికొస్తుంది. చలికాలం ఎక్కువగా తిరిగేవాళ్లయితే మామూలు ఫోమే మేలు.

బాక్సు: ఒక రాత్రి నీటి లెక్క

నిద్రపోతున్న మనిషి నుంచి గంటకు దాదాపు 40 గ్రాముల నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. కొంత ఊపిరిలో, మిగతాది చర్మం నుంచి. చెమట పట్టకపోయినా ఇది ఆగదు.

ఇద్దరు మనుషులు, ఎనిమిది గంటలు: 640 గ్రాములు. అరలీటరు దాటిపోయింది.

చిన్న వ్యాన్‌లో గాలి ఎనిమిది ఘనపు మీటర్లు అనుకుందాం. 15 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మోయగల ఆవిరి 12.8 గ్రాములే. అంటే వ్యాన్ మొత్తానికి నూరు గ్రాములు. పడుకునే సరికే అందులో 60 శాతం నిండి ఉంటే మిగిలిన చోటు 40 గ్రాములు. ఇద్దరూ కలిసి గంటకు 80 గ్రాములు వదులుతారు కాబట్టి అన్నీ బిగించి పడుకుంటే అరగంటలో అదీ నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి గ్రామూ ఎక్కడో ఒకచోట నీరై కూర్చోవాల్సిందే.

చల్లటి చోటు వెతుక్కునే ఆవిరి

ఇడ్లీ పాత్ర మూత తీస్తే లోపలి వైపు నీటి చుక్కలు వరుసగా వేలాడుతుంటాయి. ఆవిరి పాత్రంతా నిండి ఉన్నా నీరుగా మారింది మూత దగ్గరే, ఎందుకంటే అక్కడే చల్లగా ఉంది. వ్యాన్‌లో కూడా ఆవిరి ఇదే పని చేస్తుంది. లోపల గాలి 20 డిగ్రీలుండి తేమ 60 శాతం ఉంటే, 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు పడుతుంది. బయట అయిదు డిగ్రీలున్న రాత్రి అలాంటి చోట్లకు కొదవేముంది? ముందు అద్దాలు. తర్వాత లోపలి అట్టల వెనక దాగిన ఉక్కు పక్కటెముకలు. వ్యాన్ గోడలకు ఎంత మంచి ఇన్సులేషన్ పెట్టినా ఆ ఎముకల దగ్గర సందు వదిలితే చలి అక్కడి నుంచే లోపలికి నడుస్తుంది, నీరూ అక్కడే చేరుతుంది. నిలవ ఉంచిన దిండు ఒక మూల మాత్రమే తడిసిందంటే అది అలాంటి ఎముకకు ఆనుకుని ఉందన్నమాట.

అద్దం మీది నీరు కంటికి కనిపిస్తుంది, గుడ్డతో తుడిచేస్తాం. పరుపు కింది నీరు కనిపించదు. ఫోమ్‌లో గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకునే ఉంటాయి కాబట్టి ఒంటి నుంచి వచ్చిన ఆవిరి అందులోంచి మెల్లగా కిందికి దిగుతుంది. పై పొర ఒంటి వేడితో 30 డిగ్రీలు దాటి ఉంటుంది, అడుగు పొర చల్లటి ప్లైవుడ్‌ని అంటుకుని ఉంటుంది. ఆవిరి దిగుతూ దిగుతూ చల్లబడి, అడుగున నీరై ఆగిపోతుంది. ప్లైవుడ్ దాన్ని కిందికి పోనివ్వదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పరుపు ఎంత మంచిదైతే ఒంటి వేడి అంత తక్కువగా అడుగుకు చేరుతుంది, అడుగు అంత చల్లగా ఉంటుంది. పడుకున్నవాడికి సుఖం, చెక్కకు తడి.

విరుగుడు మాత్రం సులువే. పరుపుకీ చెక్కకీ మధ్య గాలి ఆడేంత సందు కావాలి. పలక బదులు పట్టీలు వేయడం ఒక పద్ధతి. పలకే ఉంటే దానికి వరుసగా కన్నాలు తొలచడం, దానిపైన దళసరి ప్లాస్టిక్ వల పరచడం మరో పద్ధతి. బ్రిటన్‌లో పడవల్లో, కారవాన్లలో పడుకునేవాళ్లు కొబ్బరి పీచు చాప కూడా వాడతారు. రబ్బరు పాలు పట్టించిన కొబ్బరి పీచు పరుపుల మీద పెరిగిన మనకు అది కొత్త కాదు. పీచు బరువుకు నలిగిపోదు, మధ్యలో సందులు మూసుకుపోవు, ఆవిరి పక్కలకు జారిపోతుంది.

చలిగాలిని రానివ్వాలా?

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. బయట జల్లు పడుతోంది, గాలిలో తేమ 90 శాతం పైనే, కిటికీ తెరిస్తే తడి లోపలికి వస్తుందని అన్నీ బిగించేస్తారు. లెక్క దీనికి సరిగ్గా ఎదురు. అయిదు డిగ్రీల గాలి పూర్తిగా తడిసినా ఘనపు మీటరుకు 6.8 గ్రాములకు మించి ఆవిరిని మోయలేదు. అదే గాలి లోపలికి వచ్చి 15 డిగ్రీలకు వెచ్చబడితే 12.8 గ్రాములు మోయగలదు. అంటే వానలోంచి వచ్చిన గాలే లోపల సగం ఖాళీ గిన్నెతో నిలబడుతుంది. దాన్ని నింపి బయటికి పంపడమే మన పని.

ఎంత గాలి కావాలో కూడా అంచనా వేయవచ్చు. లోపలికి వచ్చిపోయే ఒక్కో ఘనపు మీటరు నాలుగు గ్రాముల ఆవిరిని మోసుకుపోతుందనుకుంటే, గంటకు 80 గ్రాములు పోవడానికి 20 ఘనపు మీటర్లు కావాలి. వ్యాన్‌లో ఉన్న గాలి గంటకు రెండుసార్లకు పైగా మారాలి. ఒక్క కిటికీ సందుతో అది కాదు. కింద ఒకటి, పైన కప్పు దగ్గర ఒకటి తెరిస్తే వెచ్చటి గాలి పైనుంచి పోతూ చల్లటి గాలిని కింది నుంచి లాక్కుంటుంది. కొంచెం చలి పెరుగుతుంది, నిజమే. పొడి దుప్పట్లో 12 డిగ్రీలు తడి దుప్పట్లో 16 డిగ్రీల కన్నా హాయి. నీరు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా వేడిని దాటిస్తుంది మరి.

వేడి కోసం లోపల గ్యాస్ పొయ్యి వెలిగించి ఉంచడం అన్నిటికన్నా చెడ్డ పని. కిలో గ్యాస్ మండితే కిలోన్నర పైగా నీరు పుడుతుంది, అదంతా ఆవిరై వ్యాన్‌లోనే ఉంటుంది. నీటి సంగతి అలా ఉంచితే, గాలి చాలకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొగను బయటికి వదిలే గొట్టమున్న డీజిల్ హీటర్ వేరు, పొయ్యి వేరు. దానికి తోడు ఆ వాయువును పసిగట్టి మోగే అలారం ఒకటి ఉండి తీరాలి.

పొద్దున్నే మడవకండి

మనింట్లో నిద్ర లేవగానే పక్క దులిపి మడతపెట్టడం మర్యాద. వ్యాన్‌లో కొంచెం అమర్యాదగా ఉండడమే మంచిది. 2005లో లండన్ శివార్లలోని కింగ్‌స్టన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ ప్రెట్‌లవ్ ఇళ్లలోని పక్కల తేమను కంప్యూటర్ నమూనాతో పరిశీలించి, పక్క సర్దకుండా వదిలేస్తే అందులోని తేమ పోయి, కంటికి కనిపించని డస్ట్ మైట్ పురుగులు బతకడం కష్టమవుతుందని చెప్పారు. పత్రికలు దాన్ని బద్ధకస్తుల విజయంగా రాసుకున్నాయి. వ్యాన్‌లో పురుగుల కన్నా ముందు వచ్చేది బూజు. ఒక వస్తువు చుట్టూ తేమ 80 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు పట్టడం మొదలవుతుంది. పొద్దున ఏడింటికి తడి దుప్పటి సంచిలో కుక్కి రాత్రి పదింటికి తీస్తే పదిహేను గంటలు సరిగ్గా ఆ వాతావరణాన్నే కల్పించినట్టు.

కాబట్టి లేవగానే డూవేని తిరగేసి కాళ్ల వైపుకు మడిచి, తలుపు తెరిచి, కాఫీ అయ్యేదాకా వదిలేయాలి. పరుపు ముక్కల్ని అంచు మీద నిలబెట్టాలి. జర్మనీలో ఈనాటికీ పొద్దున్నే కిటికీల్లోంచి రజాయిలు వేలాడుతూ కనిపిస్తాయి, వాళ్లు చేసేదీ ఇదే. ఎండ లేకపోతే బండి నడిచేటప్పుడు ఇంజన్ హీటరు గాలి వెనక్కి వదిలి, దుప్పట్లు పరిచే ఉంచవచ్చు. ఆ వేడిగాలికి కిటికీ సందు కూడా తోడైతే ఒక గంట ప్రయాణంలో చాలా తేమ పోతుంది.

ఏ గుడ్డ ఎంత నీరు తాగుతుందో తెలిస్తే ఈ పని తేలిక. మామూలు తేమలో నూలు తన బరువులో ఎనిమిది శాతం దాకా నీటిని పట్టి ఉంచుతుంది, ఉన్ని పదహారు శాతం, పాలిస్టర్ అర శాతం కూడా కాదు. ఉన్నిలో ఇంకో గుణం ఉంది: గాలి బాగా తడిగా ఉంటే తన బరువులో మూడో వంతు ఆవిరిని లోపల దాచుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. రాత్రి తాగి పగలు వదిలేస్తుంది. బాతు నూగు నింపిన డూవే తేలిక, చిన్నగా ముడుచుకుంటుంది, కానీ బాగా చెమ్మెక్కితే ఉండలు కట్టి గాలిని వదిలేసుకుంటుంది. అమ్మ కుట్టించి ఇచ్చిన దూది బొంతను లండన్ దాకా మోసుకెళ్లినవాళ్లున్నారు. దాన్ని ఇంట్లోనే కప్పుకోమంటాను. అది తాగినంత నీరు ఆరాలంటే మన ఎండ కావాలి, స్కాట్లాండ్‌లో అది దొరకదు.

పక్క పరిచే వరుస

వ్యాన్ మంచం చుట్టూ తిరగడానికి చోటుండదు. మూడు వైపులా గోడే. పరిచేవాళ్లు పరుపు మీదే మోకాళ్లేసుకుని, తాము కూర్చున్న దుప్పటినే సరిచేయాలి. అందుకే ముందు దూరపు మూలలు, తర్వాత వెనక్కి జరుగుతూ దగ్గరివి. సీటు ముక్కలు రెండో మూడో కలిసి పరుపవుతాయి కాబట్టి అతుకుల్లోంచి చలి వస్తుంది, నడుముకు గట్టు తగులుతుంది. నాలుగైదు సెంటీమీటర్ల పలచటి ఫోమ్ ఒకటే ముక్కగా పైన పరిస్తే రెండు ఇబ్బందులూ పోతాయి. దానికి సాగే అంచున్న దుప్పటి తొడిగేసి ఎప్పుడూ అలాగే ఉంచవచ్చు. పొద్దున ఫోమ్, దుప్పటి, ఆరిన డూవే మూడింటినీ కలిపి కాళ్ల వైపు నుంచి చుట్టుకుంటూ వస్తే గాలి తల వైపు నుంచి పోతుంది. రాత్రి ఒక్క విసురుతో పక్క సిద్ధం. ఒకప్పుడు రైలు ప్రయాణాలకు హోల్డాలు కట్టిన తాతలకు ఈ ఉపాయం ఎవరూ నేర్పనక్కర్లేదు. దిండ్లు మాత్రం విడిగా ఉంచాలి. రాత్రంతా ఊపిరి తగిలేది వాటికే. గలీబులు నూలువి, మార్చుకోవడానికి ఇంకో జత.

దాచే చోటు

చుట్టను నొక్కి బెల్టులతో బిగించే సంచిలో పెడితే 200 లీటర్ల డూవే నలభై లీటర్లలోకి వస్తుంది. ప్రయాణంలో పగటిపూట వరకు దీనితో నష్టం లేదు. నెలల తరబడి అలా ఉంచితేనే ముప్పు. పాలిస్టర్ పోగుల్లో వేడిచేసి పెట్టిన వంకరలు స్ప్రింగుల్లా పనిచేస్తాయి. ఎక్కువకాలం నలిపి ఉంచితే ఆ వంకరలు మెల్లమెల్లగా చదునై, సంచి విప్పినా పూర్తిగా లేవవు. వేడి ఉంటే ఇంకా త్వరగా. ఎండలో నిలబెట్టిన వ్యాన్‌లో గాలి పీల్చేసిన ప్లాస్టిక్ సంచి అందుకే మంచిది కాదు. పైగా ఆ సంచిలో మిగిలిన చెమ్మకు బయటికి దారి కూడా ఉండదు.

చోటు విషయానికి వస్తే, సీటు కింది పెట్టె అందరూ మొదట ఎంచుకునేది. అది వ్యాన్‌లో అతి చల్లటి చోట్లలో ఒకటి. నేలకు, చక్రం పై రేకుకు ఆనుకుని ఉంటుంది. అక్కడే పెట్టాలంటే అడుగున పట్టీలు వేసి, పెట్టె ముందు పలకకు కన్నాలు పెట్టాలి. వస్త్రం సంచి వాడాలి, ప్లాస్టిక్ కాదు. డూవేని పెద్ద కుషన్ గలీబులో దూర్చి పగలు వీపుకు ఆసరాగా వాడేవాళ్లున్నారు. చోటు కలిసి వస్తుంది, గది మధ్య వెచ్చగా ఉంటుంది, గుడ్డలోంచి తేమ పోతుంది. నా ఓటు దానికే. నవంబరు నుంచి మార్చి దాకా బండి తీయని ఇళ్లలో మాత్రం పరుపు తప్ప మిగతా పక్కంతా ఇంట్లోకి తెచ్చుకుని, వదులు సంచిలో బీరువా పైన పెట్టుకోవాలి. పరుపు ముక్కల్ని వ్యాన్‌లోనే గోడలకు తగలకుండా నిలబెట్టి ఉంచాలి.

మన తీరంలో తిరగబడే లెక్క

ఇదే వ్యాన్ జులైలో విశాఖ, భీమిలి దారిలో ఆగిందనుకోండి. ఇక్కడ తడి బయట ఉంది. వానాకాలంలో తీరపు గాలి 25 డిగ్రీల వస్తువు తగిలినా నీరు వదిలేంత బరువుగా ఉంటుంది. లోపల ఏసీ పెట్టి 22 డిగ్రీల్లో పడుకుంటే అద్దాలకు నీరు పట్టేది బయటి వైపున. రాత్రంతా ఏసీ ఆవిరిని పట్టి బయట కార్చేస్తుంది కాబట్టి పక్క పొడిగానే ఉంటుంది. పొద్దున తలుపులు బార్లా తెరిచిన క్షణం నుంచి కథ మారుతుంది. చల్లబడి ఉన్న పరుపు మీదికి వెచ్చటి తడి గాలి వచ్చి పడుతుంది, నూలు దుప్పటి దాన్ని తాగడం మొదలుపెడుతుంది. స్కాట్లాండ్‌కి చెప్పిన సలహా ఇక్కడ పాటిస్తే తడిని మనమే పిలిచి లోపల కూర్చోబెట్టినట్టు. ఇక్కడ మూతపెట్టిన వ్యాన్‌లోనే పక్క ముందుగా సర్ది సంచిలో పెట్టి, ఏసీ ఆపి, లోపల కొంచెం వెచ్చబడ్డాకే తలుపు తీయాలి. దుప్పట్లు పలచటివి చాలు. పరుపు కింద సందు మాత్రం ఇక్కడా ఉండాల్సిందే, ఎందుకంటే ఏసీకి చల్లబడిన నేల పలక అడుగు వైపున కూడా బయటి గాలి నీరు వదులుతుంది, ప్లైవుడ్ ఈసారి కింది నుంచి తడుస్తుంది.